మా ఇంట్లో ఒకరికే సెనేట్ ఓటు: ఐర్లాండ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఐర్లాండ్ గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025 జనవరిలో మా ఇంటికి పోస్టులో ఒక కవరు వచ్చింది. మా ఆవిడ పేరు మీద. తను ఇక్కడ యూసీడీలో (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్, నేషనల్ యూనివర్సిటీలో భాగం) ఎమ్మెస్సీ చదివింది. సెనేట్‌లో ఆరు సీట్లకు నేషనల్ యూనివర్సిటీ, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పట్టభద్రులే అప్పుడు ఓటేసేవాళ్లు. ఇద్దరికీ ఐరిష్ పౌరసత్వం ఒకేసారి వచ్చినా, నేషనల్ యూనివర్సిటీ పట్టభద్రురాలిగా సెనేట్ ఓటు తనకే ఉంది. నాది కాకినాడ జేఎన్‌టీయూ బీటెక్. ఆ డిగ్రీ చూసే ఈ దేశం నాకు ఉద్యోగం ఇచ్చింది, వీసా ఇచ్చింది, చివరికి పాస్‌పోర్టు కూడా ఇచ్చింది. సెనేట్ ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ డిగ్రీ చెల్లలేదు. ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేసింది. ఆ ఓటు తనదేనని చెప్పే కాగితం మీద సాక్షి సంతకం కావాలంటే నేను పెట్టాను. ఈ దేశ ఎగువ సభ ఎన్నికలో నా పాత్ర అంతే.

సరిగ్గా నెల తర్వాత, ఫిబ్రవరి 27న, కాకినాడలో మా నాన్న కూడా ఎగువ సభకే ఓటేశారు. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక అది. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో ఆయనా 1, 2 అనే వేసి వచ్చారు. మా నాన్న డిగ్రీ ఉస్మానియాది. ఇప్పుడది వేరే రాష్ట్రం. అయినా ఆయన ఓటుకు అడ్డం రాలేదు. దేశంలోని ఏ యూనివర్సిటీ డిగ్రీ అయినా సరే, పట్టా పుచ్చుకుని మూడేళ్లయిందా, ఆ నియోజకవర్గంలో కాపురం ఉంటున్నారా అన్నదే అక్కడ చూస్తారు. ఇక్కడ లెక్క తిరగబడింది. ట్రినిటీలో చదివిన ఐరిష్ పౌరుడు హైదరాబాద్‌లో గచ్చిబౌలిలో ఉంటున్నా పోస్టులో ఓటేయవచ్చు. డబ్లిన్‌లో ఉండి పన్ను కట్టే నేను వేయలేను.

ఇది ఉక్రోషంతో రాస్తున్న లేఖ కాదు అనాలనుంది. కొంచెం ఉక్రోషం ఉంది, కాదనను. కానీ అసలు కారణం వేరే. మీ సెనేట్ మీద నాకు అభిమానం ఏర్పడింది. దానికి కారణం డేవిడ్ నోరిస్.

మీకు ఆయన గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. ఈ లేఖ ముందు చదివేది మావాళ్లు కాబట్టి వాళ్లకోసం చెబుతాను (మీ కార్యాలయానికి ఇంగ్లిష్ ప్రతి విడిగా పంపుతున్నాను). నోరిస్ గారు ట్రినిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పిన ఆచార్యుడు, ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ అంటే ప్రాణం. కొన్నిసార్లు ఓడిపోయాక 1987లో ట్రినిటీ పట్టభద్రుల ఓట్లతో సెనేట్‌కు వచ్చారు. 2024 జనవరి వరకు అక్కడే ఉన్నారు. అంటే 36 ఏళ్లు. మీ సభ చరిత్రలో అంతకాలం ఉన్న సెనేటర్ ఇంకొకరు లేరు. ఏ పార్టీలోనూ లేరు. తాను స్వలింగ సంపర్కుడినని బాహాటంగా చెప్పుకున్న మనిషి. ఆయన సెనేట్‌లో అడుగుపెట్టేనాటికి ఈ దేశంలో అది నేరం.

ఆ నేరం పెట్టింది ఐర్లాండ్ కాదు. 1861, 1885 నాటి బ్రిటిష్ చట్టాలు. మన 377వ సెక్షన్ 1860 నాటిది. ఒకే దొరతనం రెండు దేశాలకూ ఒకే రకం తాళం వేసిపోయింది. ఆ తాళం తీయమని నోరిస్ కోర్టుకెళ్లారు. 1983లో ఇక్కడి సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు. ఒక్క ఓటు తేడా. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1988 అక్టోబర్‌లో 8-6 తో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆయన తరఫున వాదించిన లాయరు మేరీ రాబిన్సన్. ఆవిడా అప్పుడు ట్రినిటీ సెనేటరే. 1971లో గర్భనిరోధక సాధనాల మీద నిషేధం సడలించాలని ఆవిడ బిల్లు పెడితే సభ దాన్ని కనీసం అచ్చు వేయడానికి కూడా ఒప్పుకోలేదు. 1990లో ఆవిడ రాష్ట్రపతి అయ్యారు. 1993 జూన్‌లో పాత నేరాన్ని కొట్టేసే బిల్లు సెనేట్‌కు వచ్చినప్పుడు ఆ చర్చలో నోరిస్ మాట్లాడారు. జూలైలో దాని మీద రాష్ట్రపతిగా సంతకం చేసింది ఒకప్పటి ఆయన లాయరే.

మీ పార్లమెంటు చర్చలన్నీ 1919 నుంచి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇంత చిన్న దేశం ఇంత జాగ్రత్తగా దాచుకున్న సొత్తు ఇంకొకటి ఉందో లేదో! రాత్రి షిఫ్టు కాల్స్ మధ్య దొరికిన ఖాళీలో నేను 1993 నాటి చర్చ తెరిచాను. ఇంకొకరి గురించి జాలిపడి మాట్లాడేవాళ్లను ఏ సభలోనైనా చూస్తాం. చట్టం ఎవరిని నేరస్థుడని అంటోందో ఆ మనిషే సభ్యుడిగా లేచి నిలబడి, మీరు మాట్లాడుతున్నది నా గురించే అని చెప్పగలగడం వేరు. బల్లకు అవతల ఉండాల్సిన వాడు ఇవతల కూర్చుంటే చర్చ స్వరమే మారిపోతుంది.

ఆ స్ట్రాస్‌బర్గ్ తీర్పును 2009లో ఢిల్లీ హైకోర్టు 377 కేసులో ప్రస్తావించింది. మధ్యలో సుప్రీంకోర్టు వెనక్కి లాగినా, 2018 సెప్టెంబర్ 6న ఆ తాళం మన దగ్గరా తెరుచుకుంది. అదే ఏడాది జూన్‌లో, పాత చట్టం కింద శిక్షపడ్డ వాళ్లందరికీ దిగువ సభలో క్షమాపణ చెప్పిన మీ అప్పటి ప్రధాని లియో వరాద్కర్ తండ్రి ముంబై నుంచి వచ్చిన డాక్టరు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్లిన్‌లో ఒక చిన్న సభ నాకు పరాయిది ఎందుకు కాదో మీకు అర్థమవుతుంది.

నోరిస్ ఈ ఒక్క విషయం దగ్గరే ఆగిపోలేదు. తూర్పు తైమూర్, టిబెట్, షానన్ విమానాశ్రయంలో దిగే అమెరికా సైనిక విమానాలు, డబ్లిన్‌లో కూలిపోతున్న పాత జార్జియన్ ఇళ్లు... ఓట్లు రాలని విషయాలు ఎన్నో ఆయన నోట వచ్చాయి. నోరు జారిన రోజూ ఉంది. 2013లో ఒక మహిళా సభ్యురాలి గురించి సభలో వాడిన మాట ఎవరూ సమర్థించలేనిది. ఆ మాట రికార్డులో చదివినప్పుడు నాకూ ఇబ్బందిగానే అనిపించింది.

ఆ ఏడాది అంత వేడెక్కడానికి కారణం ఉంది. అసలు సెనేట్‌నే రద్దు చేద్దామని అప్పటి ప్రధాని ఎండా కెన్నీ ప్రజలను అడిగారు. అక్టోబర్‌లో జరిగిన రెఫరెండంలో 51.7 శాతం మంది వద్దన్నారు. మా తెలుగువాళ్లకు ఈ కథ కొత్తకాదు. 1985లో ఎన్టీఆర్ శాసనమండలిని తీసేశారు, 2007లో అది తిరిగొచ్చింది. 2020లో మళ్లీ రద్దు తీర్మానం చేశారు, మరుసటి ఏడాది వాళ్లే వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో మీ ప్రభుత్వాన్ని నడిపిన డి వలేరా కూడా 1936లో పాత సెనేట్‌ను ఎత్తేసి, మరుసటి ఏడాది రాజ్యాంగంలో కొత్త సెనేట్‌ను తనే పెట్టారు. ఎగువ సభల తలరాత ఎక్కడైనా ఇంతే కాబోలు.

2013లో వద్దన్న జనం సభ ఉన్నది ఉన్నట్టే ఉండాలని అనలేదు. సంస్కరించమన్నారు. అక్కడి నుంచి ఏమైంది? 2015లో మారిస్ మ్యానింగ్ కమిటీ నివేదిక ఇచ్చింది, సెనేట్‌లో ఎక్కువ సీట్లకు ప్రజలే నేరుగా ఓటేయాలని. దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పడానికి ఇంకో బృందం వేశారు, 2018లో వాళ్లూ నివేదిక ఇచ్చారు. రెండూ అలమారాలోనే ఉన్నాయి.

యూనివర్సిటీ సీట్ల సంగతి ఇంకా విడ్డూరం. ట్రినిటీ, నేషనల్ యూనివర్సిటీలకే ఉన్న ఈ హక్కును మిగతా విద్యాసంస్థలకూ ఇవ్వొచ్చని 1979 రెఫరెండంలో 92 శాతం మంది ఔనన్నారు. 44 ఏళ్లు ఎవరూ కదల్లేదు. లిమరిక్ యూనివర్సిటీ పట్టభద్రుడు ఒకరు కోర్టుకెక్కితే 2023లో సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పుడు గానీ 2024లో చట్టం రాలేదు. వచ్చే ఎన్నికలో లిమరిక్, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ లాంటి చోట్ల చదివినవాళ్లకూ ఓటు వస్తుంది. సంతోషం. కానీ ఆ ఆరు సీట్లు ఇప్పటికీ ఈ దేశంలో పట్టా పుచ్చుకున్నవాళ్లవే. రాజ్యాంగంలోనే ఈ దేశపు విద్యాసంస్థలు అని రాసి ఉంది కాబట్టి నా జేఎన్‌టీయూ పట్టాను అందులో దూర్చమని నేను అడగను. డిగ్రీయే లేని బస్సు డ్రైవరు, కేర్ హోమ్‌లో పనిచేసే మనిషి అసలు ఆ లెక్కలోనే లేరు.

నేను అడిగేది 43 సీట్ల గురించి. 60 మందిలో 11 మందిని ప్రధాని నామినేట్ చేస్తారు (మన రాజ్యసభలో 12 మంది నామినేటెడ్ సభ్యుల ఆలోచన ఇక్కడి నుంచి వచ్చిందే), ఆరుగురు యూనివర్సిటీల వాళ్లు. మిగిలిన 43 మందిని విద్య-సంస్కృతి, వ్యవసాయం, కార్మికం, వాణిజ్యం, పాలన అనే ఐదు ప్యానెళ్ల నుంచి ఎన్నుకుంటారు. వాళ్లకు ఓటేసేది 949 మంది కౌన్సిలర్లు, దిగువ సభ సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు. అంతా కలిపినా 1,200 మంది లోపే. పేరుకు రైతుల ప్యానెల్, ఓటేసేది పార్టీలవాళ్లు. ఆ ఓటర్లు ఎవరుండాలన్నది రాజ్యాంగంలో లేదు, మామూలు చట్టంలో ఉంది. అంటే రెఫరెండం అక్కర్లేదు. మీ శాఖ ఒక బిల్లు తెస్తే చాలు.

ఈ దేశం ఇలాంటి విషయంలో పెద్ద మనసు చూపించలేదని కాదు. 2019 మేలో నా చేతిలో భారతీయ పాస్‌పోర్టే ఉంది. అయినా స్థానిక ఎన్నికల్లో నాకు ఓటు ఇచ్చారు, పౌరసత్వం అడగలేదు, ఇక్కడ ఉంటున్నావా అని మాత్రమే అడిగారు. ఊరిని నడిపేవాళ్లను ఎన్నుకోవడానికి విదేశీయుడిగా పనికొచ్చిన నేను, సెనేటర్‌ను ఎన్నుకోవడానికి పౌరుడయ్యాక కూడా పనికిరావడం లేదు.

2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆ వారాల్లో సాయంత్రం బస్టాపు నుంచి ఇంటికి నడవాలంటే టెన్షన్. ఫీనిక్స్ పార్కులో జరగాల్సిన ఇండియా డే వాయిదా పడింది. రాష్ట్రపతి, మంత్రులు ఖండించారు, కృతజ్ఞులం. అప్పుడు నాకు ఐలీన్ ఫ్లిన్ గుర్తొచ్చారు. ట్రావెలర్ సమాజం (సంచార జీవన సంప్రదాయం ఉన్న ఐరిష్ మైనారిటీ) నుంచి పార్లమెంటుకు వచ్చిన తొలి మహిళ. 2020లో ప్రధాని నామినేట్ చేస్తే గానీ సభలోకి రాలేకపోయారు. రాబిన్సన్, నోరిస్ పట్టభద్రుల పక్క తలుపు నుంచి వచ్చారు, ఫ్లిన్ నామినేషన్ కిటికీ నుంచి వచ్చారు. 43 సీట్లున్న సింహద్వారం ఎదురుగానే ఉంది. తాళంచెవి కౌన్సిలర్ల జేబులో ఉంది.

ఈ సభకు పెద్ద అధికారాలు లేవని నాకు తెలుసు. మామూలు బిల్లును 90 రోజులు, ద్రవ్య బిల్లును 21 రోజులు ఆపగలదు, అంతకుమించి కాదు. అధికారం లేని సభకు మిగిలేది మాటే. ఆ మాట ఎవరిది అన్నదే నా గొడవ.

వచ్చే సెనేట్ ఎన్నిక మామూలు లెక్కన 2030 మొదట్లో. ఆలోపు 43 సీట్లకు ఇక్కడ నివసించే పౌరులు నేరుగా ఓటేసేలా బిల్లు తెస్తారా? తెస్తే ఏ ఏడాదిలో? తేకపోతే ఎందుకు తేరో రాతపూర్వకంగా చెప్పగలరా? ఈ మూడింటికి జవాబు ఇప్పించండి.

ఇట్లు,
డబ్లిన్‌లో ఉంటున్న ఒక కాకినాడ వాడు,
సాక్షి సంతకానికి మాత్రమే అర్హుడు