యోనా కోపం, మా ఇంటి ఆనపకాయ

ఒరే బావా,

బాగున్నావేటి? ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను గానీ నువ్వు డ్యూటీలో ఉండగా చెప్పే సంగతి కాదిది.

మా పలాస వీధిలో చీటీలు కట్టించుకుని రాత్రికి రాత్రి ఉడాయించినవాడు గుర్తున్నాడు కదా, నా 80 వేలు పట్టుకుపోయాడు. మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ మోకాళ్లేసినప్పుడల్లా వాడి పేరు కూడా ఎత్తేవాణ్ణి, బాగుచెయ్యమని కాదులే, ఏదో ఒకటి చెయ్యి ప్రభువా అని. ఏటి చెయ్యమంటున్నానో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మొన్న ఆదివారం చూస్తే చర్చిలో ఆఖరి వరసలో, చెప్పులు విడిచేచోట కూర్చుని ఉన్నాడు. పాస్టర్‌గారు వాడి తలమీద చెయ్యేసి ప్రార్థన చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది, వాక్యం ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా బైబిలు తీసి, ఏం చదవాలో తోచక, నాలుగే అధ్యాయాలు కదా అని యోనా ప్రవక్త పుస్తకం పట్టుకున్నాను.

యోనా అంటే మనకి ఆయన్ని మింగిన చేపే, సండేస్కూల్లో అంతవరకే చెప్పారు. అసలు గొడవంతా నాలుగో అధ్యాయంలో ఉందిరా. దేవుడు పంపితే యోనా వెళ్లి 40 రోజుల్లో నీనెవె పట్నం నాశనమని చాటాడా, ఊరు ఊరంతా పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుందా, దేవుడు ఆగిపోయాడు. ప్రవక్తగారికి కోపం వచ్చేసింది! నువ్వు దయగలవాడివని, తొందరగా కోపపడవని ముందే తెలుసు, అందుకే మొదట నువ్వు పొమ్మన్న నీనెవెకి కాకుండా తర్షీషుకి పారిపోబోయానని దేవుడి మొహం మీదే అనేశాడు. ఇన్నాళ్లూ నేను ఆ ఊరివాళ్లకి భయపడి పారిపోయాడనుకునేవాణ్ణి. అలాగని తీర్పు రాకపోలేదు, క్రీ.పూ. 612లో బబులోనువాళ్లు, మాదీయులు కలిసి నీనెవెని కూల్చేశారు. యోనా కాలం నుంచి లెక్కేస్తే దాదాపు 150 ఏళ్లు. నాకేమో మూడేళ్లకే ఆలస్యమైపోయింది.

యోనాకి నీడ కోసం దేవుడు సొరపాదు మొలిపించి మర్నాడే పురుగుచేత ఎండగొట్టించాడు కదా, సొర అంటే మన ఆనపే. దానికోసం అంత ఏడుస్తున్నావు, కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనం, బోలెడు పశువులు, వాళ్లమీద నేను జాలిపడకూడదా అని అడిగాడు. పుస్తకం అక్కడితో అయిపోయింది, యోనా ఏమన్నాడో లేదు. లూకా సువార్త 13లో యేసు చెప్పిన అంజూరపు చెట్టు కథా అంతే. నాలాగే మూడేళ్లు చూసిన యజమాని నరికేయమంటే, తోటమాలి ఈ ఒక్క ఏడాది ఆగండి, చుట్టూ తవ్వి ఎరువేస్తానన్నాడు. తర్వాత కాసిందో లేదో యేసు చెప్పలేదు. ఓపికంటే చేతులు కట్టుకు కూర్చోవడమనుకున్నాను గానీ, ఇక్కడ చూస్తే గునపం పట్టి పెంట మోసే పని.

సాయంత్రం వాడే ఇంటికొచ్చాడు. జీడిపిక్కల పనికి వెళ్తున్నాడట, జీడి సొనకి వేళ్లన్నీ నల్లబడి చర్మం లేచిపోయి ఉన్నాయి. రబ్బరు బ్యాండు చుట్టిన మూడు వేలు నా ముందు పెట్టాడు. నేను కూర్చోమనలేదు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాను, కావాలనే. ఈలోగా మీ చెల్లెమ్మ పెరట్లో పాదునుంచి ఆనపకాయ కోసి వాడి చేతిలో పెట్టి పంపించింది. పులుసు పెట్టిద్దామని వారం నుంచి నేను కన్నేసి ఉంచిన కాయరా అది!

నమ్మవు గానీ, రాత్రంతా నాకు మిగతా 77 వేల గురించి కాదు, ఆ కాయ గురించే కోపం. తెల్లారి పళ్లు తోముకుంటుంటే తట్టింది, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఒకటో తారీఖున మళ్లీ వస్తానన్నాడు. ఆ రోజు ఇంట్లోనే ఉండాలో, పనుందని కాశీబుగ్గ పారిపోవాలో ఇంకా తేల్చుకోలేదు.