గోడీస్ సంపుటాల నుంచి బొమ్మలు కోసి అమ్మం

గోడీస్ లేడీస్ బుక్ అనే పాత అమెరికన్ మహిళల మాసపత్రిక ఉండేది. దాని 1861 నాటి సంచికలు కలిపి బైండ్ చేసిన సంపుటం ఫోటోలు పెట్టగానే చాలామంది ఒకటే అడిగారు: "పుస్తకం వద్దండీ, రంగుల ఫ్యాషన్ బొమ్మలు మాత్రం కోసి ఇస్తారా?"

ఇవ్వలేం. మా న్యూజెర్సీ షాపులో చకచకా అమ్ముడుపోయేవి విడి బొమ్మలే. సంపుటాలు నెలల తరబడి బీరువాలోనే ఉంటాయి. అంటే ఈ పట్టుదల వల్ల మాకు నష్టమే, దాచడమెందుకు? ఎవరో ఎప్పుడో విడదీసిన బొమ్మలు వేలంలో దొరికితే తెచ్చి అమ్ముతాం. బాగున్న పుస్తకానికి మాత్రం మేం కత్తెర పెట్టం.

గోడీస్ 1830లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1837 నుంచి 1877 వరకు సారా జోసెఫా హేల్ దాని ఎడిటర్. ఇక్కడ మనం లాంగ్ వీకెండ్ కోసం ఎదురుచూసే థాంక్స్‌గివింగ్ ఉంది చూశారూ, దాన్ని దేశమంతా ఒకే రోజున జరుపుకోవాలని ఆవిడ ఈ పత్రికలో ఏళ్ల తరబడి రాసింది. 1863లో లింకన్‌కే ఉత్తరం రాసింది. ఆ ఏడాదే ఆయన ప్రకటన వచ్చింది. బొమ్మలు కోసేస్తే ఆ రాతలూ, కుట్టు నమూనాలూ, వంటల పేజీలూ చిత్తుకాగితాలే. 1861లో అంతర్యుద్ధం మొదలైనా, పత్రిక యజమాని గోడీ రాజకీయాల్ని దాని గడప తొక్కనివ్వలేదు. పేజీలు తిప్పుతుంటే గౌన్లూ, క్రోషే లేసులే తప్ప యుద్ధం ఊసే కనబడదు. నాకైతే అది బొమ్మలకన్నా ఆసక్తిగా ఉంటుంది.

ఇక రంగుల గొడవ. "నెట్‌లో నీలం గౌను చూశాను, మీరు పంపింది ఆకుపచ్చ" అని ఒకరు బొమ్మను వెనక్కి పంపారు. గీతలు అచ్చువేసినవే గానీ, రంగులు ఒక్కో కాపీకీ ఆడవాళ్లు చేత్తో అద్దినవి. ఒకే నెల సంచికలోనూ కాపీ కాపీకీ తేడా ఉంటుంది. ఇకపై ఆర్డరుకు ముందే పగటి వెలుతురులో తీసిన ఫోటో పంపుతాం. అది చూసి కొన్నాక రంగు కారణంగా వాపసు తీసుకోం.

1890ల డెలినియేటర్ అనే ఫ్యాషన్ పత్రిక సంచికలు తక్కువ ధరకే ఇస్తున్నాం. కారణం కాగితం. అది కలపగుజ్జుతో చేసింది, గోధుమరంగుకు తిరిగి అంచులు పొడిపొడిగా రాలుతుంది. అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందువి గుడ్డపీలికల కాగితం మీదివైతే ఇప్పటికీ మెత్తగా వంగుతాయి. తుప్పురంగు చుక్కలు రెండింటికీ మామూలే.

విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో పంపడం ఆపేశాం. ఆ తేమకు బూజు పట్టినా, సిల్వర్‌ఫిష్ పురుగు చేరినా మాకూ టెన్షన్, మీకూ టెన్షన్. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి.

ఈ నెల గోడీస్ లాంటిదే అయిన పీటర్సన్స్ మ్యాగజీన్ సంపుటాలు రెండు వస్తున్నాయి. ఉన్ని కుట్టు రంగుల నమూనాలు చిరగకుండా ఉన్నాయి. పైఅట్టలు లేవు, అప్పట్లో బైండింగ్ చేసేటప్పుడు వాటిని తీసేసేవారు. కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి, మొత్తం సంపుటంగానే.