ఏడు రోజుల చికిత్స సరే, ఏడేళ్ల సలుపు మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఆలస్యంగా రాస్తున్నాను. అరగంటకు మించి కుర్చీలో కూర్చోలేను, అందుకే ఆలస్యం. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం పోస్టరు ఆవిష్కరించారట. ఫొటోలో పదకొండు మంది అధికారులు దాన్ని పట్టుకుని నిలుచున్నారు. అక్షరాలు కనిపించలేదు గాని చేతులన్నీ స్పష్టంగా పడ్డాయి. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం. 2025 మేలో వచ్చిన పథకం. మంచిదే, కాదనను. 2018లో నాకు ప్రమాదం జరిగినప్పుడు అదీ లేదు. ఎనిమిదో రోజు సంగతి ఏమిటని అడుగుతున్నాను.

బైపాస్ మీద తెల్లగీత లేని స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను బండి నెమ్మది చేశాను, వెనక వచ్చిన వ్యాను చేయలేదు. కుడి మోకాలి కింద ఎముక విరిగింది, నరం నలిగింది. మర్నాడు పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆఖరిది, "ప్రాణాపాయం లేదని వైద్యులు తెలిపారు." మీ విలేకరులందరూ అక్కడే కలం మూస్తారు.

రాడ్డు వేశారు. ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ "చక్కగా అతుక్కుంది మాస్టారూ" అని ఎముకను మెచ్చుకుంటారు. ఎముక మీద నాకూ ఫిర్యాదు లేదు. రాత్రి పాదానికి దుప్పటి అంచు తగిలితే నిప్పురవ్వ పడ్డట్టు ఉంటుంది, దాని సంగతి చెప్పమంటే "వయసు" అంటారు. దెబ్బతిన్న నరం, గాయం మానిపోయాక కూడా మెదడుకు నొప్పి కబుర్లు పంపుతూనే ఉంటుందని, దానికి మందులు వేరని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ మందుల షాపు కుర్రాడే నా వైద్యుడు. అతనిచ్చిన డైక్లోఫినాక్ అనే నొప్పి బిళ్లలకు కాలి మంట తగ్గలేదు సరికదా, కడుపులో పుండు తయారైంది. చివరికి నరాల డాక్టరు రాసిన ప్రీగాబాలిన్‌తో, ఫిజియోథెరపీతో సగం నెమ్మదించింది. ఆ మందుకు పగలంతా మత్తు. పింఛను తీసుకునేవాణ్ణి కాబట్టి సరిపోయింది. తాపీ పనికి వెళ్లేవాడు ఆ మత్తుతో పరంజా ఎక్కగలడా?

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం వెళితే పరీక్ష రెండో అంతస్తులో, లిఫ్టుకు తాళం. వికలాంగులను దివ్యాంగులన్నారు, మెట్లు మాత్రం పాతవే. కాలు వంచమన్నారు, వంచాను. కొలిచి, నలభై శాతం లేదన్నారు. వంచినప్పుడు ఏమవుతుందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కపెట్టింది, వాటిలో దీర్ఘకాలిక నొప్పి పేరే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టికలో దానికి 2022 నుంచి సొంత సంకేతాలే ఉన్నాయి. ఆ సంస్థ ఉన్న జెనీవా నుంచి మన జిల్లా కేంద్రానికి ఇంకా బస్సు వేయలేదు కాబోలు.

ఆ 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్రం లెక్క. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిలో రాత్రుళ్లు నిద్ర లేనివారు ఎందరని ఎవరూ అడగలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట నొప్పికని ఓపీ పెట్టండి. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, నొప్పితో కుంగినవాడి మాట వినే మనిషి ఒకరు, ముగ్గురూ కిందిగదిలో కూర్చుంటే చాలు. కొత్త భవనం అక్కర్లేదు. కత్తిరించడానికి రిబ్బను ఉండదన్నదే ఇందులో చిక్కు.

అన్నట్టు, ఆ స్పీడ్ బ్రేకర్‌కు గత వేసవిలో సున్నం వేశారు, ఎవరో మంత్రిగారు ఆ దారిన వెళుతున్నారని. రెండు వానలకు పోయింది. ఈ ముక్క మాత్రం తీసేయకుండా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
గుంటూరు జిల్లా