మత్తు ఇచ్చే ముందు టీబీ బిళ్లల సంగతి అడగాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్తు వైద్యుల విన్నపం.

టెక్కలి, పలాస, రాజాం వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందు రాసే మత్తు పరీక్ష కాగితంలో నాలుగు గళ్లు తప్పనిసరి చేయండి: టీబీ మందులు, ఫిట్స్ మందులు, మద్యం, గతంలో ఏ గ్యాస్ ఎప్పుడిచ్చారు.

ఎందుకంటే, పాత మత్తు గ్యాస్ హాలోథేన్‌ను పీలిస్తే అందులో దాదాపు 20 శాతం కాలేయంలో విరుగుతుంది. మరో మత్తు గ్యాస్ ఐసోఫ్లూరేన్‌లో విరిగేది 0.2 శాతమే. విరిచేది ప్రధానంగా సిప్ 2ఈ1 అనే ఎంజైమ్. అప్పుడు పుట్టే ట్రైఫ్లోరోఎసిటైల్ ముక్కలు కాలేయ ప్రోటీన్లకు అతుక్కుంటాయి. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివనుకుని కాలేయం మీదే పడుతుంది. ఇది అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం. టీబీ మందు ఐసోనియాజిడ్, రోజువారీ సారా ఆ ఎంజైమ్‌ను పెంచుతాయి. 50 కిలోల టీబీ రోగి తొలి రెండు నెలలు రోజూ మింగే నాలుగు బిళ్లల్లో ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు. కాలేయాన్ని సొంతంగానే ఇబ్బంది పెట్టగల రిఫాంపిసిన్, పైరజినమైడ్ కూడా వాటిలోనే ఉంటాయి.

ముందురోజు బిళ్ల ఆపేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఐసోనియాజిడ్ ఒంట్లో ఉన్నంతసేపు ఆ ఎంజైమ్‌ను కొంత అడ్డుకుంటుంది. మందు దిగిపోయాక పెరిగిన ఎంజైమ్‌కు అడ్డుండదు. పైగా టీబీ మందు మానిపించడం వేరే ప్రమాదం. మార్చాల్సింది గ్యాస్‌ను. వీలున్న ఆపరేషన్‌కు వెన్నుకు సూది, లేదంటే నరంలోకి ఇచ్చే మత్తుమందు ప్రొపోఫాల్, లేదంటే సెవోఫ్లూరేన్ గ్యాస్. సెవోఫ్లూరేన్ విరిగినా ఆ ముక్కలు పుట్టవు. ఎక్కడైనా హాలోథేన్ సీసాలు మిగిలి ఉంటే వెనక్కి తెప్పించండి.

టీబీ రాకుండా ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ వాడే ఇంటివాళ్లు ఇంకో చిక్కు. వాళ్లకు జబ్బు లేదు, అందుకే “మందులేమైనా వాడుతున్నారా?” అంటే లేదంటారు. బిళ్ల పేరు చెప్పి అడగాలి.

ఆపరేషన్ తర్వాత పారాసెటమాల్‌ను గ్రాము చొప్పున నాలుగు పూటలా అలవాటుగా రాసేయడమూ ఆగాలి. దాన్ని విషంగా మార్చేదీ ఈ ఎంజైమే.

గ్యాస్ వల్ల కాలేయం దెబ్బతింటే జ్వరం, దద్దుర్లు, కామెర్లు సాధారణంగా వారం దాటాక, ఒక్కోసారి నాలుగు వారాలకు బయటపడతాయి. అప్పటికి రోగి ఇంట్లో ఉంటాడు, పసరు మందుకు వెళ్తాడు, ఆపరేషన్‌ను ఎవరూ గుర్తు చేసుకోరు. డిశ్చార్జి కాగితంపై గ్యాస్ పేరు, తేదీ, “నెలలోపు కళ్లు పచ్చబడితే ఈ కాగితంతో వెంటనే రండి” అన్న మాట తెలుగులో అచ్చు వేయించండి. హాలోథేన్‌తో అలా జరిగినవారికి మళ్లీ అది ఇవ్వకూడదు. అవే ముక్కలు పుట్టించే ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ గ్యాస్‌లు కూడా వద్దు.