వార్షిక నివేదిక: జలవిద్యుత్ ప్రాజెక్టుల అనుమతులు, మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు నలిగిన ప్రశ్న ఒకటే: ప్రతిపాదిత జలవిద్యుత్ ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే మనం వెళ్లాలా, బహిష్కరించాలా? చట్టం ఏమంటుందో చదివి వచ్చి చెప్పమని సభ్యులు కార్యవర్గానికి అప్పగించారు. ఈ ఏడాది పనిలో సింహభాగం ఆ చదువుకు, దాన్ని ఊరూరా వివరించడానికి సరిపోయింది.

విద్యుత్ చట్టం, 2003 వచ్చాక ఉత్పత్తి కేంద్రం పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదన్నది చాలామందికి తెలిసిన మాటే. జలవిద్యుత్తుకు మాత్రం అదే చట్టంలోని 8వ సెక్షన్ వేరే షరతు పెట్టింది. కేంద్రం నిర్ణయించిన వ్యయ పరిమితి దాటిన పథకానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సమ్మతి ఉండాలి. తాగునీరు, సాగు, వరద నియంత్రణ వంటి అవసరాలకు లోబడి ఆ నదిని విద్యుత్తుకు మెరుగ్గా వాడుకునే అవకాశాన్ని ఈ కట్టడం దెబ్బతీస్తుందా, ఆనకట్ట డిజైను, భద్రత ప్రమాణాలకు తగినట్లున్నాయా అన్నది ఆ సంస్థ చూస్తుంది. ఈ దశలో గ్రామాలను అడిగేదేమీ లేదు కనుక మేమూ దీని మీద ఎక్కువ కాలం వెచ్చించలేదు.

అసలు పని పర్యావరణ అనుమతి దగ్గర మొదలైంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ మొదట 50 మెగావాట్లు, ఆపై సామర్థ్యమున్న జలవిద్యుత్ ప్రాజెక్టులను కేంద్రం అనుమతించే ‘ఎ’ విభాగంలోనూ, 25 నుంచి 50 మెగావాట్ల లోపు వాటిని రాష్ట్ర స్థాయిలో అనుమతించే ‘బి’ విభాగంలోనూ చేర్చింది. అంతకంటే చిన్నవి ఈ పట్టికలోకే రావు, అంటే వాటికి ఈ అనుమతే అక్కర్లేదు. ప్రతిపాదనలు 24 మెగావాట్ల దగ్గర ఆగినప్పుడల్లా అది నదీ ప్రవాహాన్ని బట్టి వేసిన లెక్కేనని నమ్మడం మాకు కష్టమే.

ఈ అనుమతి ప్రక్రియలో భాగమైన ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ రావాలి, పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. ఇవన్నీ మనకు అనుకూలమైనవే. మన చర్చకు ముగింపు పలికిన వాక్యం మాత్రం అదే నోటిఫికేషన్ అనుబంధంలో కనబడింది: సభ ప్రారంభించడానికి కోరం (కనీస హాజరు) అవసరం లేదు. ఖాళీ కుర్చీల ముందు జరిగినా చట్టం లెక్కలో అది జరిగిన సభే. పోనీ జరగనివ్వకుండా అడ్డుకుందామంటే, స్థానికులు స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని అధికారులు నివేదించిన పక్షంలో సభ లేకుండానే ప్రక్రియను ముందుకు నడిపే వీలు కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. అందుకే సభకు వెళ్లాలనీ, వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించి అధికారులు అదే రోజు సంతకాలు చేసేదాకా ఎవరూ కదలకూడదనీ కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు పెద్దలు దీనితో ఏకీభవించలేదు. వారి భిన్నాభిప్రాయాన్ని మినిట్స్‌లో నమోదు చేశాం.

అటవీ హక్కుల విషయంలో తీర్మానం చేసే గ్రామసభ సంగతి ఇందుకు పూర్తిగా వేరు. అటవీ హక్కుల చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, హాజరైన వారిలో కనీసం మూడో వంతు మహిళలుండాలి. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైట్ గని కేసులో సుప్రీంకోర్టు గ్రామసభల ముందుకే విషయాన్ని పంపిందనీ, సభలు జరిగిన 12 గ్రామాలూ గని తవ్వకాన్ని తిరస్కరించాయనీ ప్రతి సమావేశంలో చెప్పాం. అయితే అటవీ సంరక్షణకు సంబంధించి 2022లో వచ్చిన నియమాలు ఈ హక్కుల పరిష్కారాన్ని చూసే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించి, అటవీ భూమి మళ్లింపుకు కేంద్రం తుది ఆమోదం తెలిపిన తర్వాతి దశకు జరిపాయి. అప్పటికి ప్రాజెక్టు ఎంత దూరం వచ్చేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి గ్రామసభ తీర్మానాలు ముందే పకడ్బందీగా ఉండాలి.

ఇక్కడ మన వల్ల జరిగిన పొరపాటును దాచదలచుకోలేదు. మొదటి ఊళ్లో తీర్మానం ముసాయిదా రాసింది మనమే. “గ్రామస్థులందరూ ఏకగ్రీవంగా” అని రాశాం గానీ మొత్తం సభ్యులెందరో, వచ్చినవారెందరో, వారిలో మహిళలెందరో రాయలేదు. పైగా తీర్మానం ఒక పుటలో, సంతకాలూ వేలిముద్రలూ విడి కాగితం మీద తీసుకుని రిజిస్టరులో అంటించాం. ఆ కాగితం ఏ తీర్మానానికి చెందినదని ఒక అధికారి అడిగితే మన దగ్గర జవాబు లేకపోయింది. కోతలయ్యాక సభ మళ్లీ పెట్టించి, పైన మూడు అంకెలు, కింద తీర్మానం, దాని కిందే ఖాళీ వదలకుండా సంతకాలు వచ్చేట్లు రాయించాం. మిగతా ఊళ్లలో అదే పద్ధతి పాటించాం.

పర్యావరణ అనుమతి వెలువడితే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజుల గడువుంటుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులకు మించకుండా ట్రిబ్యునల్ అనుమతించవచ్చు. ఈ ప్రాజెక్టుకు అనుమతి ఇంకా రాలేదు. ఉత్తర్వుల కోసం వెబ్‌సైటును ప్రతి సోమవారం చూసే బాధ్యతను సహాయ కార్యదర్శి తీసుకున్నారు.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో ఈ నివేదికకు జతపరిచాం. వచ్చే ఏడాది ఆనకట్టల భద్రతా చట్టం, 2021పై తెలుగులో కరపత్రం తేవాలని ప్రతిపాదిస్తున్నాం. గ్రామసభ రిజిస్టర్ల నకళ్లు ఇంకా అందజేయని ఊళ్ల ప్రతినిధులు ఈ సమావేశం ముగిసేలోగా కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి