పాత ఇంటి మరమ్మతు ఖర్చు ఒక్క యజమానిదేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

నగరాల్లో పాత కట్టడాల మాట వచ్చినప్పుడల్లా 'అభివృద్ధి కావాలా, వారసత్వం కావాలా' అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నే సరికాదని నాకనిపిస్తుంది. పాత ఇంటిని బాగుచేయడం కూడా పదిమందికి పని కల్పించే అభివృద్ధే.

కొత్త భవనం ఖర్చులో పెద్ద వాటా సిమెంటు, స్టీలు, గాజులకు పోతుంది. మరమ్మతులో ఎక్కువ డబ్బు మేస్త్రీకి, వడ్రంగికి, కూలీకి చేరుతుంది. సున్నపు గోడనే చూడండి. తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని, కొన్నాళ్లకు తెల్లగా ఉప్పు పేరుకుని పెచ్చులూడుతుంది. అప్పుడు 'శిథిలమైంది, కూల్చేయాలి' అంటారు! సున్నం ఎన్నాళ్లు నానాలో, ఇసుక ఎంత కలపాలో, పూతను ఎంతకాలం తడుపుతూ ఉండాలో తెలిసిన మేస్త్రీకి పని దొరక్కపోతే ఆ విద్య అతనితోనే పోతుంది.

కూల్చాక బాధపడి లాభం లేదు. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ కూల్చివేత 1963లో మొదలైంది. జనం గోల చేశారు. 1965లో కట్టడాల రక్షణ చట్టం వచ్చింది కానీ, ఆ స్టేషన్ తిరిగి రాలేదు.

అయితే గోడలు నిలిచి మనుషులు వెళ్లిపోయినా నష్టమే. మలేసియాలోని జార్జ్‌టౌన్‌లో 2000లో అద్దె నియంత్రణ ఎత్తేశాక ఎన్నో కుటుంబాలు పాత ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చాక హోటళ్లు, కేఫ్‌లు పెరిగాయి. తరాలుగా ఉన్న ఇరుగుపొరుగు చెదిరిపోతే దాన్ని ఏ ఇంజనీరు తిరిగి కట్టగలడు? ఇటలీలో బొలోన్యా నగరం 1970లలోనే ఇది గ్రహించింది. సామాన్యుల ఇళ్ల కోసం ఉన్న ప్రభుత్వ నిధులను పాత నగరంలో ఇళ్ల మరమ్మతుకు వాడి, అక్కడివాళ్లు అక్కడే ఉండేలా చూసింది.

యజమానుల కష్టాన్నీ కాదనలేం. వీధి అందం ఊరందరిదీ, కారే పైకప్పు మాత్రం ఒక్కడిదీ అంటే ఎలా? అహ్మదాబాద్ పాత నగరంలో వారసత్వ ఇళ్లకు టీడీఆర్, అంటే నిర్మాణ హక్కుల బదిలీ సదుపాయం ఉంది. ఇంటిని కాపాడుకున్న యజమాని, అక్కడ కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట కట్టేవారికి అమ్ముకోవచ్చు. ఇలాంటి దారి ప్రతి పాత నగరంలోనూ ఉండాలి. చిన్న ఇళ్లవారికి అదీ సరిపోదు కాబట్టి, నేరుగా మరమ్మతు గ్రాంటు ఇవ్వాలి. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించకూడదన్న షరతు పెట్టాకే ఆ డబ్బు విడుదల చేయాలి.

అలాగే కూల్చివేతకు అనుమతి అడిగే ప్రతి దరఖాస్తుకూ మరమ్మతు అంచనా జతచేయాలన్న నిబంధన తేవాలి. ఆ అంచనా సున్నపు పని తెలిసిన మేస్త్రీ గోడను స్వయంగా తట్టి చూశాక రాసింది కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు