ఇకపై కుక్కలను కాస్త దూరం నుంచే తీస్తాం

మా దగ్గర ఫొటోలు తీయించుకున్నవాళ్లకు, త్వరలో రాబోతున్నవాళ్లకు ఒక మార్పు గురించి చెప్పాలి. ఇకనుంచి కుక్కల సెషన్లు చాలావరకు ఆరుబయటే, 70-200 మిల్లీమీటర్ల (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది) జూమ్ లెన్స్‌తో చేస్తాం. స్టూడియో మూసేయడం లేదు, కానీ ముందుగా అడిగేది మాత్రం బయటికి రాగలరా అనే. దీనివల్ల మీకు కొన్ని ఇబ్బందులు ఉంటాయి. అవి కూడా దాచకుండా రాస్తున్నాను.

ముఖ్య కారణం కుక్కలే. ముఖానికి కెమెరా అడ్డం పెట్టుకుని మీదికి వంగే కొత్త మనిషి అంటే చాలా కుక్కలకు టెన్షన్. రెప్ప వేయకుండా సూటిగా చూడటాన్ని అవి బెదిరింపుగా తీసుకుంటాయి. దగ్గరగా పెట్టిన లెన్స్ వాటికి అలాగే అనిపిస్తుంది. చెవులు వెనక్కి వాల్చేస్తాయి, మాటిమాటికీ పెదాలు నాక్కుంటాయి, నిద్ర రాకపోయినా ఆవలిస్తాయి. బయటివాళ్లకు ఆ ఫొటో ముద్దుగానే ఉంటుంది. కానీ రోజూ ఆ ముఖం చూసే మీకు తెలిసిపోతుంది, అది భయమని. అదే నేను ఐదారు మీటర్ల అవతల నేలమీద కూర్చుంటే, కాసేపటికి కుక్క నన్ను పట్టించుకోవడం మానేసి మీతో ఆడుకుంటుంది. మాకు కావాల్సింది ఆ ముఖమే.

ముఖం ఆకారం కూడా దూరాన్ని బట్టే మారుతుంది. ముక్కు కెమెరాకు 30 సెంటీమీటర్ల దూరంలో, చెవులు 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. ముక్కు లావుగా ముందుకొచ్చి, చెవులు చిన్నవైపోతాయి. నాలుగు మీటర్ల నుంచి తీస్తే ఆ 20 సెంటీమీటర్ల తేడా లెక్కలోకే రాదు. ఫోన్‌తో దగ్గరగా తీసినప్పుడు మీ కుక్క మీ కుక్కలా కనిపించకపోవడానికి కారణం ఇదే.

దూరం నుంచి తీయడానికి జూమే ఎందుకంటే, పిలవగానే కుక్క పరుగెత్తుకొస్తుంది కాబట్టి. 200 దగ్గర మొదలుపెట్టి, అది దగ్గరయ్యేకొద్దీ వెనక్కి తిప్పుతూ 70 దాకా వస్తాం. ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న, అంటే జూమ్ కాని లెన్స్ అయితే ఈలోపు చెవులో కాళ్లో ఫ్రేమ్ దాటిపోతాయి. ఇక ఆ కుక్క నేరుగా వచ్చి లెన్స్‌ను నాకిందంటే ఫొటో ఉండదు. ఈ లెన్సుల్లో చాలావాటికి మీటరు, ఆ పైన దూరం ఉంటే తప్ప ఫోకస్ కుదరదు.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "కళ్లు అంత షార్ప్‌గా ఉంటే ముక్కు ఎందుకు మసకగా ఉంది?" ఫుల్ ఫ్రేమ్ కెమెరా (ఫొటో పడే సెన్సర్ పెద్దగా ఉండేది) మీద 200 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె; అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు) పెట్టి మూడు మీటర్ల నుంచి తీస్తే, షార్ప్‌గా వచ్చే లోతు సుమారు నాలుగు సెంటీమీటర్లే. పగ్ లాంటి చప్పిడి ముఖానికి అది సరిపోతుంది. లాబ్రడార్‌కు సరిపోదు. అందుకే మూతి పొడవున్నవాటికి ఎఫ్ 5.6 వాడతాం. లోతు దాదాపు రెట్టింపవుతుంది, వెనక బ్లర్ కొంచెం తగ్గుతుంది. నా వరకైతే ఆ బ్లర్ కంటే ముక్కు మీది తడి మెరుపే ముఖ్యం. వద్దంటే ముందే చెప్పండి, మీ ఇష్టప్రకారమే తీస్తాం.

కానీ ఎఫ్ 5.6లో లోపలికొచ్చే వెలుతురు ఎఫ్ 2.8తో పోలిస్తే నాలుగో వంతే. పరుగు ఆగినట్టు రావాలంటే షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1000వ వంతో, అంతకంటే వేగమో ఉండాలి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ నా చేతి వణుకును ఆపుతుంది గానీ కుక్క పరుగును ఆపదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులో ఇవన్నీ కుదరవు. కాబట్టి ఇంట్లో పరుగుల ఫొటోలు ఇకపై ఒప్పుకోం. ఎదురుగా ఫ్లాష్ కొడితే కళ్లు పచ్చగా మెరుస్తాయి, అదీ చేయం. బయట కూడా ఉదయం, సాయంత్రం వేళల్లోనే. బాగా మబ్బు పట్టి వెలుతురు పడిపోతే సెషన్ వాయిదా వేస్తాం.

పిల్లులకు ఈ మార్పు వర్తించదు. కొత్త చోటుకు తెస్తే అవి బెదిరిపోతాయి. వాటి కోసం మేమే మీ ఇంటికి వస్తాం, 24-70 లెన్స్‌తో, కిటికీ పక్కన.

సొంతంగా లెన్స్ కొనాలనుకునేవాళ్లకు నా సలహా: మమ్మల్ని చూసి ఎఫ్ 2.8 కొనేయకండి. అలాంటివి కిలో నుంచి కిలోన్నర దాకా బరువుంటాయి. ఒక చేత్తో గొలుసు, ఒక చేత్తో అది మోయడం కష్టం. ఎఫ్ 4 రకం చాలా తేలిక. క్రాప్ సెన్సర్ కెమెరా (సెన్సర్ కాస్త చిన్నగా ఉండేది) ఉంటే 55-250 లాంటి మామూలు జూమ్ కూడా పగటి వెలుతురులో బాగా పనిచేస్తుంది. డబ్బు మిగిలితే, జంతువుల కళ్లను గుర్తుపట్టి ఫోకస్ చేసే కెమెరా బాడీ మీద పెట్టండి. సోనీ కెమెరాల్లో ఇది 2019లో వచ్చింది, ఇప్పుడు ఇతర కంపెనీల్లోనూ ఉంది. కొనేముందు ఒకరోజు అద్దెకు తెచ్చి మీ కుక్కతోనే చూసుకోండి. నల్ల కుక్క అయితే ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలనే సెట్టింగ్) కాస్త మైనస్‌కు తిప్పండి, లేకపోతే కెమెరా దాన్ని బూడిద రంగులోకి మార్చేస్తుంది. తెల్లదానికి ప్లస్.

ఇప్పటికే స్టూడియోలో బుక్ చేసుకున్నవాళ్లు అలాగే ఉంచుకోవచ్చు, లేదా బయటికి మార్చుకోవచ్చు. మార్చుకుంటే పొడవైన గొలుసు ఒకటి తెచ్చుకోండి. తెరిచి ఉన్న చోట గొలుసు విప్పనివ్వం, ఎంత మాట వినే కుక్కయినా సరే. ఫొటోలో కనిపించే గొలుసును ఎడిటింగ్‌లో మేం తీసేస్తాం.